పంటలో రేడియోధార్మికతను కొలవడం: మడి నుంచి స్పెక్ట్రం దాకా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఎండు మిర్చి బస్తా మీద గీగర్ కౌంటర్ (రేడియేషన్ తాకినప్పుడల్లా టిక్కుమనే యంత్రం) పెట్టి ఒకరు "ఏమీ లేదు, తినొచ్చు" అంటే నమ్మొద్దు. ఇంకొకరు "టిక్కు టిక్కుమంటోంది, విషం ఉంది" అన్నా నమ్మొద్దు. కిలో ఎండు మిర్చిలో సుమారు 18 నుంచి 20 గ్రాముల పొటాషియం ఉంటుంది. సహజ పొటాషియం ప్రతి గ్రాములోనూ సెకనుకు 31 పరమాణువులు విఘటన చెందుతుంటాయి, అంటే 31 బెక్వెరెల్లు. ఈ లెక్కన ఏ రియాక్టర్ గాలీ సోకని కిలో మిర్చిలో కూడా 550 నుంచి 600 బెక్వెరెల్లు ఉంటాయి. ఎండు పసుపూ దాదాపు అంతే. మరోవైపు జపాన్ 2012 ఏప్రిల్ నుంచి సాధారణ ఆహారంలో, రియాక్టర్ ప్రమాదాల్లో వెలువడే సీజియంకు పెట్టుకున్న పరిమితి కిలోకు 100 బెక్వెరెల్లు. వెతుకుతున్న దానికంటే సహజంగా ఉన్నదే ఐదారు రెట్లు ఎక్కువ. గీగర్ కౌంటర్‌కు ఈ రెండింటి తేడా తెలియదు. పైగా కిలోకు 100 బెక్వెరెల్లన్నది చుట్టూ ఉన్న నేల, గోడల రేడియేషన్‌లో కలిసిపోయేంత చిన్న మొత్తం.

ఉత్తర తెలంగాణలో అణు విద్యుత్ కేంద్రం లేదు. మణుగూరులో ఉన్నది భారజల కర్మాగారం, అక్కడ అణు విచ్ఛిత్తి జరగదు. కైగా, కల్పాక్కం, తారాపూర్ లాంటి చోట్ల రియాక్టర్ మొదలు కాకముందే పర్యావరణ సర్వే ప్రయోగశాల పెట్టి, దాదాపు 30 కిలోమీటర్ల దాకా మట్టి, నీరు, పంట, పాలు, చేపలు తెచ్చి కొలుస్తారు. ముందుగా కొలవడమే ఈ పనికి పునాది. నిన్నటి అంకె లేకపోతే ఇవాళ్టి అంకెను దేనితో పోల్చాలి? అందుకే ఓరుగల్లు చుట్టుపక్కల వడ్లు, మిర్చి, పసుపు, మక్కలు కొలిచి పెట్టుకోవడం వృథా పని కాదు. రియాక్టర్ల దగ్గర వాడే పద్ధతినే మన పంటలకు అన్వయించి ఇక్కడ వివరిస్తున్నాం. భౌతిక శాస్త్ర విద్యార్థులను, వ్యవసాయ ప్రయోగశాలల్లో పనిచేసేవారిని, నమూనాలు సేకరించి పంపాలనుకునే రైతు సంఘాలను దృష్టిలో పెట్టుకుని రాశాం.

దేన్ని వెతకాలి

గామా కిరణాల శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో, పొట్టిగా కేఈవీల్లో, చెబుతారు. ప్రతి రేడియోధార్మిక పరమాణువుకూ తనదైన శక్తి ఉంటుంది. దాన్ని బట్టే గుర్తుపడతాం. ఏ శక్తి దగ్గర ఎన్ని గామా కిరణాలు వచ్చాయో చూపే పటమే స్పెక్ట్రం. అందులో ఒక్కో శక్తి దగ్గర లేచేదాన్ని గీత లేదా పీక్ అంటాం.

సీజియం-137 అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం విఘటన చెందడానికి పట్టే కాలం, 30 ఏళ్లు. 661.7 కేఈవీ దగ్గర, వంద విఘటనలకు 85 చొప్పున గామా కిరణాలు ఇస్తుంది. 1950లు, 60లలో వాతావరణంలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల ఇది ప్రపంచమంతటా మట్టిలో కొద్దికొద్దిగా ఉంది. అది కనబడినంత మాత్రాన రియాక్టర్ లీకైందని అర్థం కాదు. సీజియం-134 సంగతి వేరు. దీని అర్ధాయువు రెండేళ్ల పైచిలుకు మాత్రమే, బాంబు పరీక్షల ధూళిలో ఇది ఉండదు. 604.7, 795.9 కేఈవీల దగ్గర రెండు గీతలూ కనబడితే అది ఇటీవల రియాక్టర్ ఇంధనం నుంచి వచ్చిందే. 2011 మార్చిలో ప్రమాదం జరిగిన జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం నుంచి ఈ రెండు సీజియంలు దాదాపు సమానంగా వెలువడ్డాయి.

అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు, గామా 364.5 కేఈవీ. ప్రమాదం జరిగిన తొలి వారాల్లో ఆకుకూరలు, పాలు కొలిచేది దీని కోసమే. నమూనా 16 రోజులు ఆలస్యమైతే నాలుగో వంతే మిగులుతుంది.

స్ట్రాన్షియం-90, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) గామా ఇవ్వవు. కైగా లాంటి భారజల రియాక్టర్ల చుట్టూ ట్రిటియం ముఖ్యం, కానీ దానికి పంటలోని నీటిని వేరుచేసి ద్రవ సింటిలేషన్ కౌంటర్‌లో కొలవాలి. స్ట్రాన్షియంను రసాయనికంగా వేరుచేసి, దాని సంతానమైన, అంటే దాని విఘటనతో పుట్టే, యిట్రియం-90 పెరగడానికి రెండు వారాలు ఆగి, బీటా కౌంటర్‌లో పెట్టాలి. ఇవి ఆ పనిలో అనుభవమున్న ప్రయోగశాలలకే వదలండి. గామా స్పెక్ట్రంలో ఏమీ లేదు కాబట్టి స్ట్రాన్షియం కూడా లేదని మాత్రం ఎప్పుడూ రాయకండి.

నమూనా తీయడం

సగం తప్పులు డిటెక్టర్ దాకా రాకముందే, పొలంలోనే జరుగుతాయి.

ఎకరం వరి మడికి ఐదు చోట్లు ఎంచుకోండి: నాలుగు మూలల వైపు నాలుగు, నడిమధ్య ఒకటి. గెట్టుకు కనీసం రెండు మీటర్లు లోపలికి ఉండాలి. గెట్టు పక్కన దారి దుమ్ము, కాలువ మట్టి చేరతాయి. చెరువు నీళ్లు మడిలోకి పారే మొగ దగ్గర ఒండ్రు పేరుకుంటుంది, సీజియం ఆ ఒండ్రుకే అంటుకుని వస్తుంది. అందుకే మొగ దగ్గరి నమూనాను మిగతావాటితో కలపకుండా విడిగా తీయండి. ఒక్కో చోట చదరపు మీటరు కొలిచి కొడవలితో కోస్తే సుమారు అర కిలో వడ్లు వస్తాయి. ఐదూ కలిపితే రెండున్నర కిలోలు, పరీక్షకూ దాచుకోవడానికీ సరిపోతాయి.

హార్వెస్టర్ కోసిన ధాన్యం తీసుకోవద్దు. అంతకు ముందు ఏ ఊరి పొలంలో తిరిగిందో, ఏ దుమ్ము మోసుకొచ్చిందో తెలియదు. ఫుకుషిమా ప్రాంతంలో వాడకుండా పడి ఉన్న మర యంత్రాల్లోని దుమ్ము వల్ల శుభ్రమైన బియ్యానికి సీజియం అంటిన సందర్భాలున్నాయి. పొట్టు తీసేటప్పుడు కూడా మొదట అదే పొలం వడ్లు రెండు కిలోలు మరలో ఆడించి పారబోసి, ఆ తర్వాతే నమూనా పోయండి. రెండు కిలోలు పారబోయడానికి మనసొప్పకపోవచ్చు, కానీ ఈ జాగ్రత్త లేకుండా వచ్చిన అంకెకు విలువ లేదు.

వడ్లు, దంపుడు బియ్యం, తెల్ల బియ్యం, తవుడు, ఈ నాలుగింటిలో ఏది కొలిచారో తప్పకుండా రాయాలి. సీజియం ఎక్కువగా తవుడులో ఉంటుంది. పాలిష్ చేసిన బియ్యంలో అది దంపుడు బియ్యంలో ఉన్న దానిలో సగం కంటే తక్కువకు పడిపోతుంది. తవుడు పశువులకు పోతుంది, అక్కణ్నుంచి పాలకు చేరుతుంది కాబట్టి దాన్నీ కొలవడం మంచిది. పత్తి చెక్క విషయమూ ఇంతే.

మిర్చిని కల్లంలో ఆరబోసినవి తీయకండి. నేల మీద, పాత పట్టాల మీద ఎండిన కాయకు మట్టి అంటుతుంది. ఆ మట్టిలోని యురేనియం, థోరియం కుటుంబాల గామా మిర్చి లెక్కలో పడుతుంది. చెట్టు మీది పండు కాయలనే కోసి, శుభ్రమైన కొత్త గుడ్డ మీద నీడన ఆరబెట్టి, తొడిమ తీసి, కిలోన్నర ఎండు కాయ సిద్ధం చేసుకోండి. మార్కెట్‌కు వెళ్లే సరుకు ఎలా ఉందో తెలియాలంటే కల్లం కాయను రెండో నమూనాగా తీయండి. రెండింటి తేడాయే దుమ్ము వాటా.

పాలకూర, పుంటికూర అయితే ఐదు కిలోలు కావాలి, ఎండాక నాలుగైదు వందల గ్రాములే మిగులుతుంది. వాన పడుతున్నప్పుడు, పడిన మూడు గంటల లోపు ఆకు కోయకండి. వాన చినుకులు గాలిలోని రేడాన్ (నేలలోని రేడియం నుంచి పుట్టే వాయువు) సంతానాన్ని కిందికి దించి ఆకు మీద పరుస్తాయి. సీసం-214, బిస్మత్-214ల అర్ధాయువు 27, 20 నిమిషాలు. అప్పుడే కోసిన ఆకు దగ్గర కౌంటర్ గోల పెడుతుంది, సాయంత్రానికి ఆ చప్పుడే ఉండదు. వాన తర్వాత గీగర్ కౌంటర్ పట్టుకుని పుట్టించే పుకార్లలో చాలావాటికి మూలం ఇదే.

అవే ఐదు చోట్ల దున్నే లోతు వరకు, అంటే 0 నుంచి 15 సెంటీమీటర్ల మట్టి తీయండి. దగ్గరలో దున్నని బంజరు ఉంటే అక్కడ పై 5 సెంటీమీటర్లే విడిగా తీయండి. కొత్తగా ఏదైనా పడితే అక్కడే మొదట కనబడుతుంది. మట్టికి పొటాష్ పరీక్ష కూడా చేయించండి. పైరు వేరు సీజియంను పొటాషియం అనుకునే పీలుస్తుంది, నేలలో పొటాష్ తగినంత ఉంటే సీజియం లోపలికి పోవడం తగ్గుతుంది. ఫుకుషిమాలో వరి మళ్లకు 100 గ్రాముల మట్టిలో 25 మిల్లీగ్రాముల పొటాష్ ఉండాలని లక్ష్యం పెట్టుకుని ఎరువు వేసింది ఇందుకే. బంకమట్టి తక్కువున్న ఎర్ర చెలకలో సీజియంను పట్టి ఉంచే శక్తి తక్కువ, పొటాష్ కూడా తరచుగా తక్కువే. ఒకే మోతాదు పడినా చెలక పంటలో, రేగడి పంటలో ఒకే అంకె రాదు. నేల రకం రాయకుండా పంట అంకె మాత్రమే రాస్తే దాన్ని ఇంకో ఊరితో పోల్చలేం.

ఆరబెట్టడం, దంచడం, నింపడం

అయోడిన్ కోసమైతే ఆరబెట్టకండి, వేడికి ఎగిరిపోతుంది. పచ్చి ఆకును తరిగి, గట్టిగా నొక్కి నింపి, అదే రోజు కొలవండి. సీజియం కోసమైతే 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడగా వచ్చేదాకా ఎండబెట్టండి. బూడిద చేసి గాఢత పెంచాలనుకుంటే 450 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే సీజియం కూడా పోతుంది.

పచ్చి బరువు, ఎండు బరువు రెండూ రాసుకోండి. పాలకూరలో 91 శాతం నీరే. ఎండు కిలోకు 44 బెక్వెరెల్లు అంటే పచ్చి కిలోకు 4 మాత్రమే. ఈ రెండు అంకెలు తారుమారై వార్తల్లోకెక్కితే ఊరంతా భయపడుతుంది.

ఎండినదాన్ని పొడి చేసి మారినెల్లి బీకర్‌లో నింపండి. అడుగున లోపలికి గుంట ఉన్న ప్లాస్టిక్ పాత్ర ఇది. ఆ గుంట డిటెక్టర్ మీద టోపీలా కూర్చుంటుంది, నమూనా చుట్టూరా ఉంటుంది. లీటరు బీకర్‌లో బియ్యం సుమారు 850 గ్రాములు, మిర్చి పొడి 450 గ్రాములు పడుతుంది. గీత వరకు, ప్రతిసారీ అదే ఎత్తుకు నింపి, నేల మీద పదిసార్లు తట్టి, మళ్లీ నింపండి. బీకర్ లోపల పాలిథిన్ సంచి పెట్టి అందులో పోస్తే ఒక నమూనా పొడి ఇంకోదానికి అంటదు. మిర్చి పొడి నింపేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

రేడియం కూడా కొలవాలనుకుంటే, ఉదాహరణకు రామగుండం, చెల్పూరు లాంటి థర్మల్ కేంద్రాల బూడిద పడే పొలాల్లో, మూతకు టేపు చుట్టి గాలి పోకుండా నాలుగు వారాలు ఉంచాలి. బొగ్గు కాలిపోయాక దానిలోని యురేనియం, థోరియం బూడిదలో చిక్కబడతాయి. వాటిని లెక్కించాలంటే రేడాన్ బయటకు పోకూడదు. సీజియంకు ఈ నిరీక్షణ అక్కర్లేదు.

డిటెక్టర్‌ను సిద్ధం చేయడం

రెండు రకాలున్నాయి. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే జెర్మేనియం డిటెక్టర్ గీతలను రెండు కేఈవీల తేడాతోనైనా వేరు చేస్తుంది. 3 అంగుళాల సోడియం అయోడైడ్ డిటెక్టర్ చవక, గది వేడిలోనే పనిచేస్తుంది, కానీ 662 కేఈవీ దగ్గర దాని పీక్ సుమారు 46 కేఈవీల వెడల్పు పరుచుకుంటుంది. మొదటి జల్లెడకు సోడియం అయోడైడ్, అనుమానం వచ్చినవాటికి జెర్మేనియం అని పని పంచుకోవడం సరైన దారి.

ఏదైనా చుట్టూ 10 సెంటీమీటర్ల సీసం కావాలి, లోపలి వైపు పలుచని కాడ్మియం, రాగి రేకులతో. వరంగల్, కరీంనగర్ వైపు ఇది మరీ ముఖ్యం. మన ఇళ్ల బండలు, గోడలు గ్రానైట్, దానిలో పొటాషియం, థోరియం, యురేనియం మూడూ ఉంటాయి. సీసం లేని డిటెక్టర్ మిర్చిని కాదు, గదిని కొలుస్తుంది.

శక్తిని సరిచూసుకోవడానికి ఎరువుల దుకాణంలో దొరికే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ చాలు. కిలో పొటాష్‌లో సుమారు 15,500 బెక్వెరెల్ల పొటాషియం-40 (సహజ పొటాషియంలోని రేడియోధార్మిక భాగం) ఉంటుంది. బీకర్‌లో నింపి పది నిమిషాలు పెడితే 1460.8 కేఈవీ పీక్ స్పష్టంగా లేస్తుంది. దాన్ని రోజూ పని మొదలుపెట్టే ముందు, ముగించాక చూడండి. యంత్రం ఆన్ చేశాక కనీసం రెండు గంటలు ఆగండి. మే నెలలో ఏసీ ఆగిపోయి గది పది డిగ్రీలు వేడెక్కితే సోడియం అయోడైడ్ పీక్ పక్కకు జరుగుతుంది. మీ సీజియం కిటికీ, అంటే సీజియం లెక్కింపుల కోసం ఎంచుకున్న శక్తి పరిధి, అప్పుడు సీజియం లేని చోట ఉంటుంది. పొద్దున, సాయంత్రం పొటాష్ పీక్‌లు ఒకే చానెల్‌లో లేకపోతే ఆ రోజు లెక్కలన్నీ పక్కన పెట్టాల్సిందే.

పొటాష్ శక్తిని చూపిస్తుంది గానీ సీజియం సామర్థ్యాన్ని, అంటే వెలువడిన గామాలో డిటెక్టర్ ఎంత వంతు పట్టుకుంటుందో, చెప్పదు. దానికి అదే బీకర్‌లో, దాదాపు అదే సాంద్రతలో, అంకె తెలిసిన ప్రమాణ నమూనా కావాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వారి 330 నంబరు పాలకూర పొడి లాంటివి ఇందుకే ఉన్నాయి. ముంబైలోని బ్రిట్ (రేడియేషన్, ఐసోటోప్ టెక్నాలజీ బోర్డు) సంస్థ ప్రమాణ రేడియోధార్మిక మూలాలు సరఫరా చేస్తుంది. వాటిని కొని ఉంచుకోవడానికి అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయో లేదో ముందే చూసుకోండి.

బ్యాక్‌గ్రౌండ్ (నమూనా లేకుండానే వచ్చే లెక్కింపు) ఖాళీ బీకర్‌తో తీయొద్దు, నీళ్లు నింపి తీయండి. నమూనా తానే కొంత రేడియేషన్‌ను ఆపుతుంది, ఖాళీ బీకర్ ఆ పని చేయదు. ఆ నీళ్లు బోరువి కాకూడదు. గ్రానైట్ పగుళ్ల నుంచి వచ్చే బోరు నీటిలో రేడాన్ కరిగి ఉంటుంది. స్వేదన జలం వాడండి.

లెక్క

సోడియం అయోడైడ్ డిటెక్టర్‌తో 850 గ్రాముల బియ్యం, 3,600 సెకన్లు. ఉదాహరణకు 662 దగ్గర సామర్థ్యం 0.03 అనుకుందాం. సీజియం కిటికీలో మొత్తం 2,252 లెక్కింపులు వచ్చాయి, నీళ్ల బ్యాక్‌గ్రౌండ్ 1,800. తేడా 452. అదంతా సీజియం కాదు.

పొటాషియం-40 గామా కొన్నిసార్లు తన శక్తిలో కొంతే డిటెక్టర్‌లో వదులుతుంది. ఆ ముక్కలు సీజియం కిటికీలో కూడా పడతాయి. పొటాష్ బీకర్ కొలిచినప్పుడు 1461 కిటికీలో ప్రతి వంద నికర లెక్కింపులకు 662 కిటికీలో ఎన్ని పడ్డాయో చూడండి. 30 పడ్డాయనుకుందాం. బియ్యంలో పొటాషియం నికర లెక్కింపులు 207 అయితే, అందులో 30 శాతం, అంటే 62, సీజియం కిటికీ నుంచి తీసేయాలి. మిగిలింది 390.

390ని 3,600తో భాగిస్తే సెకనుకు 0.1083. దాన్ని సామర్థ్యం 0.03, గామా వాటా 0.851, బరువు 0.85ల లబ్ధంతో భాగిస్తే కిలోకు 5.0 బెక్వెరెల్లు. కిటికీల లెక్కింపుల వర్గమూలం నుంచి వచ్చే అనిశ్చితి సుమారు 65 లెక్కింపులు. రెండింతలు తీసుకుంటే ఫలితం 5.0 ± 1.7.

బియ్యంలో పొటాషియం తక్కువ కాబట్టి 62తో పోయింది. అదే మిర్చి అయితే పొటాషియం నికరం గంటకు 1,800 దాకా రావచ్చు. దాని 30 శాతం 540. ఇది తీసేయడం మరిచిపోతే 450 గ్రాముల మిర్చిలో, ఒక్క సీజియం పరమాణువు లేకపోయినా, కిలోకు 13 బెక్వెరెల్ల సీజియం "కనబడుతుంది". చవక యంత్రాలు మసాలాల్లో, పసుపులో, పప్పుల్లో సీజియం చూపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇంకో ఉచ్చు బిస్మత్-214. దాని 609 కేఈవీ గీత సీజియం-134 గీత 605కు ఆనుకునే ఉంటుంది, సోడియం అయోడైడ్ రెండింటినీ ఒకటిగానే చూస్తుంది. మట్టి అంటిన మిర్చిలో 605 దగ్గర గుట్ట కనబడితే బిస్మత్ మరో గీత ఉండే 1764 దగ్గర చూడండి. అక్కడ కూడా లేచి ఉంటే అది బిస్మత్, అంటే దుమ్ము. 796 గీతను నమ్ముకుందామంటే థోరియం కుటుంబంలోని ఆక్టీనియం-228 కూడా 795 దగ్గర చిన్న గీత ఇస్తుంది, దీన్ని జెర్మేనియం కూడా వేరు చేయలేదు. 911 కేఈవీ దగ్గర ఆక్టీనియం పెద్ద గీత ఉందేమో చూసి తేల్చండి. అయోడిన్ 364 పక్కన సీసం-214 ఇచ్చే 352 గీత ఉంటుంది, అక్కడా ఇదే జాగ్రత్త.

ఎంతసేపు పెట్టాలి

యంత్రం చూడగలిగే కనీస మోతాదు ముందే లెక్కేసుకోండి. బ్యాక్‌గ్రౌండ్ లెక్కింపుల వర్గమూలాన్ని 4.65తో గుణించి 2.71 కలపండి. 1,800కు అది సుమారు 200. సామర్థ్యం, గామా వాటా, సెకన్లు, కిలోలు నాలుగింటి లబ్ధంతో భాగిస్తే కిలోకు 2.6 బెక్వెరెల్లు. నాలుగు గంటలు పెడితే 1.3కు దిగుతుంది. సమయం నాలుగింతలు చేస్తే చూపు రెండింతలే పెరుగుతుంది. 100 పరిమితి దాటిందో లేదో తేల్చడానికి పావుగంట చాలు. రేపటి కోసం ఇవాళ్టి సహజ స్థాయి రాసుకోవడానికైతే జెర్మేనియం మీద ఒక రాత్రంతా ఉంచాలి.

ఫలితం రాయడం

"సున్నా" అని ఎప్పుడూ రాయకండి. "సీజియం-137: కిలోకు 2.6 బెక్వెరెల్ల కంటే తక్కువ" అని రాయండి. కోసిన తేదీ, కొలిచిన తేదీ రెండూ వేసి, అంకెను కోసిన తేదీకి సరిదిద్దండి. పంట భాగం, తేమ శాతం, పచ్చి బరువా ఎండు బరువా, నేల రకం, వానాకాలమా యాసంగా, నీటి వనరు, జీపీఎస్ స్థానం అదే కాగితం మీద ఉండాలి. పొటాషియం-40 అంకె కూడా వేయండి. తెల్ల బియ్యంలో అది కిలోకు 35 దగ్గర, కంది పప్పులో 400 పైన రాకపోతే మీ కొలతలోనే ఏదో లోపం ఉంది, సీజియం అంకెను బయటపెట్టే ముందు దాన్ని వెతకండి.

రైతుకు అంకె ఒక్కటే చెప్తే అర్థం కాదు, మోతాదుగా మార్చి చెప్పండి. పెద్దవాళ్లు సీజియం-137 ఒక బెక్వెరెల్ తింటే శరీరానికి అందే మోతాదు 0.013 మైక్రోసీవర్ట్. కిలోకు 5 బెక్వెరెల్లున్న బియ్యం ఏడాదికి 150 కిలోలు తిన్నా సుమారు 10 మైక్రోసీవర్ట్‌లు. కిలోకు 100 ఉంటే 195. మన దేశంలో అణు కేంద్రాల వల్ల ప్రజలకు అనుమతించిన ఏడాది పరిమితి 1,000 మైక్రోసీవర్ట్‌లు.

మిగిలిన నమూనా 300 గ్రాములు గాజు సీసాలో, పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే పెట్టి, దాచండి. స్కెచ్ పెన్ రాత రెండు వేసవులకే వెలిసిపోతుంది. మిర్చికైతే సీసా మూతకు మైనం పూయండి, లేకపోతే పురుగు పట్టి బరువు మారుతుంది.